డచ్చి దొరగారి స్నానం

సెలూనాయన పగలంతా బతికున్నవాళ్ల గడ్డాలు గీస్తాడు, ఇంటికొచ్చి చచ్చిపోయినవాళ్ల గడ్డాలు దాచుకుంటాడు. ఇది వాళ్లావిడ ఎత్తిపొడుపు. అందులో అబద్ధమేమీ లేదు. వందల ఏళ్ల కిందట డచ్చి పనివాళ్లు రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసిన మనుషుల బొమ్మలంటే ఆయనకు పిచ్చి. మొదటిసారి పాత పుస్తకాల కొట్లో ఎవరో వర్తకుడి గడ్డం చూసి, వెంట్రుకకో గీత చెక్కిన ఆ చేతికి అక్కడే దణ్ణం పెట్టాడు. మొదట్లో కొట్లవాళ్లు కొత్త నకళ్లు అంటగట్టారు. క్షవరమైతే గాని వివరం తెలియదన్నది సెలూనాయనకూ తప్పలేదు.

భోజనానికి కూర్చుంటే ఆ కబుర్లే. ఆవిడ వడ్డిస్తూ ఊఁ కొట్టేది. వింటున్నదో లేదో ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు.

ఏళ్ల తరబడి వెతగ్గా, ఒక ఓడ కెప్టెన్ బొమ్మ దొరికింది. రెండు పాయల గడ్డం, మెడచుట్టూ లేసు కాలరు. ఆ కాలరు మీదే పెద్ద మరక. దాన్ని చూసి ఆయన రెండు రోజులు నిట్టూర్చాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కెప్టెన్ స్నానాలగదిలో, బేసిన్ నీళ్లలో వెల్లకిలా తేలుతున్నాడు. ఆయన గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"కొంప ముంచావే!"

"అరవకండి. ఆ కాయితం పాతగుడ్డలు నానేసి చేసిందని చెప్పింది మీరు కాదూ? సిరా నూనెది, నీళ్లకు చెదరదన్నదీ మీరే. గుడ్డకు మరకైతే ఏం చేస్తాం? సబ్బు మాత్రం పెట్టలేదులెండి, దొరగారికి కళ్లు మండుతాయని."

చెప్పింది తనే అయినా, చేసి చూసే ధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. ఇద్దరూ చెరోవైపు పట్టి, ఊపిరి బిగబట్టి, తడికాయితాన్ని తువ్వాలు మీదికి చేర్చారు. అది ఆరేదాకా ఆయన ముద్ద ముట్టలేదు.

మరక పోయింది. లేసు తెల్లగా తేలింది. గడ్డంలో ఒక్క గీత చెదరలేదు. ఆయన చిన్నపిల్లాడిలా గంతులేశాడు. కెప్టెన్ దక్కిన ఆనందం ఒకెత్తు; ఇన్నేళ్ల తన సోదంతా ఆవిడ చెవికెక్కిందన్న ఆనందం ఒకెత్తు.

"ఇంకా స్నానం చెయ్యాల్సినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం సెలూన్ తెరవలేదు. బొమ్మలన్నీ మంచం మీద పరిచి, ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని ఆవిడ అడుగుతుంటే, ఆయన చెప్పాడు.