కరీం దాచిన గ్లవ్స్

ఈ రోజు నేనుండే టూంగాబీ నుంచి ఐదు గంటలు కారు నడిపి, ఎడారిలాంటి ఎండు నేల మధ్య ఉన్న మంచు మీద జారే పాతకాలపు స్కీ కొండకు ఒక్కణ్నే వెళ్లాను. (దారిలో పులిహోర డబ్బా ఒలికిన కథ వేరే ఉంది, వదిలేద్దాం.) అక్కడ కుర్చీ లిఫ్టులేం లేవు. ట్రాక్టరు ఇంజను లాగే తాడు పట్టుకుని పైకి పోవాలి. తాడు అరచేతులు ఒరిసేస్తుంది కాబట్టి షెడ్డులోని ముసలాయన తోలు గ్లవ్స్ ఇస్తాడు.

నన్ను చూసి, "పోయినేడు కరీం అని ఒక ఇండియన్ వచ్చాడు. అతను చెప్పిన అన్న నువ్వేనా, మేట్?" అన్నాడు.

కరీం మా కర్నూలువాడు, ఆఫీసులో నా పక్క సీటు. పోయిన చలికాలమంతా "మంచు చూసొద్దాం రాన్నా" అని వెంటపడ్డాడు. "వైటూకే గండం గడవనీ తమ్ముడూ" అన్నాను. వాడొక్కడే వెళ్లొచ్చాడు. గండం గడిచింది, రెండువేల సంవత్సరం వచ్చినా కంప్యూటర్లకేమీ కాలేదు. మార్చిలో కరీం గుండె ఆగిపోయింది.

అదే చెప్పాను. ముసలాయన లోపలికెళ్లి, కలిపి కట్టిన రెండు జతలు తెచ్చాడు. "వచ్చే ఏడు అన్నను తీసుకొస్తా, ఇవి ఎవరికీ ఇవ్వొద్దన్నాడు కరీం."

ఒక జత మీద కరీం పేరు, రెండోదాని మీద నాది, వాడి తెలుగు చేతిరాతలో.

నాది తొడుక్కుని తాడు పట్టుకున్నాను. దిగుతూ నాలుగుసార్లు పడ్డాను. నవ్వేవాడు లేడు.

వాడి జత అక్కడే ఉంచమన్నాను. ఇది చదివే మీలో ఎవరైనా వచ్చే ఆదివారం నాతో వస్తారా? "తర్వాత చూద్దాం" అని మాత్రం జవాబు రాయకండి.