బూందీకి మేము చేసిన మర్యాద

మా ఇంట్లో ఒక పాము ఉంది. అనగానే మీరు కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పాము వల్ల మా ఇంట్లో మనుషులెవరికీ చీమ కుట్టినంత హాని కూడా జరగలేదు. మనుషుల వల్ల ఆ పాముకి జరిగిన ఘోరం ఒకటుంది, అదే ఇప్పుడు చెప్పబోతున్నాను. అందులో మొదటి ముద్దాయిని నేనే.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నిడదవోలులో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీకి ఉద్యోగం చేస్తున్నాను. పొద్దస్తమానం కంప్యూటర్ తప్ప పక్కన ఇంకో ప్రాణి లేదని నాకో బెంగ. కుక్కని తెద్దామంటే అమ్మకి భయం, పిల్లిని తెద్దామంటే నాన్నకి తుమ్ములు. అరవనిదీ, బొచ్చు లేనిదీ ఏముందా అని వెతికితే పాము తేలింది. ఇది తెలివైన ఆలోచన అని నేను నిజంగానే అనుకున్నాను. నా చదువుకి అయిన ఖర్చు గురించి నాన్న అప్పుడప్పుడూ నిట్టూరుస్తూ ఉంటారు, ఇలాంటివాటికే.

విశాఖపట్నంలో విశ్వనాథం గారని ఒక రిటైరైన జువాలజీ లెక్చరర్ ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉంటారు. ఆయన కార్న్ స్నేక్ అనే అమెరికా జాతి పాముల్ని కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని పెంచుతారు. వాటికి విషం ఉండదు. ఆయన దగ్గర ఓ పిల్లని తెచ్చుకోవడానికి వెళ్తే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి వైవా మొదలుపెట్టారు.

“ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తారు?”

“చాలా బాగా చూసుకుంటానండి.”

“అదే వద్దంటున్నాను. వారం రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. ముట్టుకోకండి. తిండి పెట్టకండి. రోజుకోసారి నీళ్లు మార్చడానికి తప్ప మూత తియ్యకండి. కొత్త చోటు కదా, బెదురు పోవాలి. ఎనిమిదో రోజు ఒక ఎలుకపిల్లని పెట్టండి. తిన్నాక రెండు రోజులు కదపకండి.”

“అంతేనాండి?”

“అంతే. ఆ మాత్రం చెయ్యలేకే చాలామంది చంపుకుంటారు. మీ వల్ల కాదనిపిస్తే ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకెళ్లిపోతాను.”

పాపం, ఆయనది విశాఖపట్నం. తాను మాట్లాడుతున్నది గోదావరి జిల్లావాడితో అన్న సంగతి ఆయన గమనించలేదు. ఇంటికొచ్చినవాళ్లని వారం రోజులు పలకరించకుండా, మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా గదిలో పెట్టి తలుపేస్తే మా వైపు దాన్ని పోలీసు కేసు అంటారు.

పాముతో పాటు ఆయన ఒక పొట్లం ఇచ్చారు. అందులో గడ్డకట్టించిన ఎలుకపిల్లలున్నాయి, ఒక్కొక్కటీ చిటికెన వేలి కొసంత. మా ఇంట్లో కోడిగుడ్డుకే ప్రవేశం లేదు. అందుకని స్టేషన్లో దిగి తిన్నగా చేపల మార్కెట్‌కి వెళ్లాను. అక్కడ నాతో చదువుకున్న నూకరాజుకి చేపల దుకాణం ఉంది.

“మీ ఐసుపెట్టెలో ఓ మూల ఈ పొట్లం ఉంచాలిరా.”

“ఉంచు. ఏంటది?”

“ఎలుకపిల్లలు.”

నూకరాజు పొట్లం విప్పి చూశాడు. “నువ్వు నీచు మొదలెడితే సంతోషమేరా. కానీ చేపతో మొదలెట్టొచ్చు కదా, మరీ దీంతోనా” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఆపింది. ఫోన్లో ముందే చెప్పాను కాబట్టి తయారుగా ఉంది.

“ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి.”

నేను పెట్టె మూత తీశాను. లోపల కొబ్బరిపొట్టు పరుపు మీద, కొబ్బరిచిప్ప చాటు నుంచి, పెన్సిలంత మనిషి తొంగి చూసింది. మనిషి అనేశాను, అలవాటైపోయింది. జానెడు పైన నాలుగు వేళ్ల పొడుగు, నారింజ రంగు ఒళ్లు, ఎర్రటి మచ్చలు. అమ్మ వంగి చూసింది.

“ఇంత సన్నగా ఉందేంట్రా? అక్కడ దీనికి ఏమీ పెట్టలేదా?”

అంతే, గొడవ అక్కడితో ముగిసిపోయింది. సన్నగా ఉన్నవాళ్లని మా అమ్మ గుమ్మంలోంచి తిప్పి పంపలేదు. వాళ్లని లావు చేసి పంపుతుంది. సాయంత్రం నాన్న కిరాణా కొట్టు నుంచి వచ్చి చూసి “రంగు బూందీలా ఉందే” అన్నారు. దాంతో పేరు కూడా కుదిరిపోయింది.

మొదటి రోజు పొద్దున్నే అమ్మ వెండిగిన్నెలో పాలు తెచ్చింది.

“పాములు పాలు తాగవమ్మా.”

“మరి నాగులచవితికి ఊళ్లోవాళ్లంతా పుట్టలో పోసే పాలు ఎవరు తాగుతున్నార్రా?”

దానికి వేరే తిండి ఉందని, అది నేనే చూసుకుంటానని చెప్పి పంపేశాను. ఏ తిండో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఏ చీమలో దోమలో అయ్యుంటాయని అనుకుందట.

నాన్న కొట్టుకెళ్లే ముందోసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడోసారి మేడెక్కి, పెట్టె మీద వేలితో కొట్టి “ఏం బూందీ, ఉక్కగా ఉందా?” అని అడిగేవారు. ఇక నా సంగతి. నీళ్లు మార్చడానికి తప్ప మూత తియ్యొద్దన్నారు కదా, అందుకని నేను రోజుకి పద్నాలుగుసార్లు నీళ్లు మార్చాను. మార్చినప్పుడల్లా కొబ్బరిచిప్ప ఎత్తి “బాగున్నావా?” అని అడిగాను. అడిగిన ప్రతిసారీ అది ఇంకో మూలకి పారిపోయింది. మొహమాటపడుతోందనుకున్నాను.

నాలుగో రోజుకి నా ఓపిక అయిపోయింది. మూడు పూటలా నేను తింటూ, పక్కన పసిపిల్లని పస్తుపెట్టడం ఏం మనిషితనం? లెక్చరర్ గారు లెక్క కాస్త గట్టిగా చెప్పుంటారులే అనుకున్నాను. నూకరాజు దగ్గర ఒక ఎలుకపిల్ల తెచ్చి, టీకొట్టు పేపర్ గ్లాసులో వేడినీళ్లు పోసి అందులో కరిగించి, పట్టకారుతో బూందీ ముందు పెట్టాను. అది ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత ఒక్క పట్టున పట్టి, నెమ్మదిగా, పద్ధతిగా, మొత్తం మింగేసింది.

నా ఆనందం చెప్పలేను. నాకు మొదటి జీతం వచ్చినప్పుడు కూడా అంత ఆనందం లేదు. మెట్లు రెండేసి చొప్పున దిగి కిందకొచ్చాను. అక్కడ పెద్దాపురం నుంచి పెద్దమ్మ వచ్చి ఉంది. తణుకులో గృహప్రవేశానికి వెళ్తూ, దారిలో చెల్లెల్ని కూడా తీసుకెళ్దామని ఆగింది. కొత్త పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చుంది.

“తిందమ్మా, తినేసింది” అన్నాను.

అమ్మ చేతులు జోడించి పైకి చూసింది. పెద్దమ్మ అడిగింది, “ఏదీ, ఒకసారి తీసుకురా, చూస్తాను.”

పెద్దవాళ్లు అడిగితే కాదంటామా? తిన్నాక రెండు రోజులు కదపొద్దన్న మాట గుర్తుంది. కానీ అది పరాయివాళ్ల విషయంలో, పెద్దమ్మకి వర్తించదనుకున్నాను. అరచేతిలో పెట్టుకుని తెచ్చాను. పెద్దమ్మకి పాములంటే భయం లేదు, చిన్నప్పుడు పొలాల్లో తిరిగిన మనిషి.

“పొట్ట నిండిందర్రా పిచ్చితల్లికి” అని ముద్దుగా ఒక వేలితో బూందీ పొట్ట నిమిరింది.

బూందీ నోరు తెరిచింది. మింగిందంతా వెనక్కి వచ్చి పెద్దమ్మ ఒళ్లో, సరిగ్గా జరీ అంచు మీద పడింది.

అమ్మ దగ్గరికొచ్చి చూసింది.

“ఏంట్రా అది?”

“దాని భోజనం అమ్మా.”

తర్వాత గంటసేపు మా ఇంట్లో జరిగింది వర్ణించను. పెద్దమ్మ రెండుసార్లు తలస్నానం చేసింది. గృహప్రవేశం ముహూర్తానికి తణుకులో వీళ్లిద్దరూ తప్ప అందరూ ఉన్నారు. అమ్మ పసుపునీళ్లు పట్టుకుని ఇల్లంతా తిరిగింది, నా మీద రెండు చెంబులు ఎక్కువే పోసింది. నేను తడిబట్టల్తోనే మేడ మీదకి వెళ్లి విశ్వనాథం గారికి ఫోన్ చేశాను.

“ఎన్నో రోజు పెట్టారు?”

“నాలుగో రోజండి.”

“తిన్నాక కదిపారా?”

“పెద్దగా కదపలేదండి. కిందకి తీసుకెళ్లి మా పెద్దమ్మకి చూపించానండి.”

“పది రోజులు ఏమీ పెట్టకండి” అన్నారాయన. “కక్కినప్పుడు గొంతూ కడుపూ దెబ్బతింటాయి, మానాలి. ఇంత చిన్నపిల్ల ఇంకోసారి కక్కితే బతకదు. పదకొండో రోజు నేనే వస్తాను. పాము మీ దగ్గర ఉండేదీ లేనిదీ అప్పుడు చూద్దాం.”

నాకు ఏడుపొచ్చింది. వద్దన్నవన్నీ ప్రేమతో చేసి, ఆ ప్రేమతోనే దాన్ని చావు దగ్గరికి తీసుకెళ్లాను. గది గుమ్మంలో అలికిడైతే తిరిగి చూశాను. అమ్మ నిలబడి ఉంది. పాముని, నన్ను కలిపి బయటికి గెంటేస్తుందని సిద్ధపడ్డాను.

“పది రోజులు పస్తా?” అంది.

“అవునమ్మా.”

“నా వంటింటి ఛాయలకి రాకుండా, ఆ ఎలుకేదో పెరటి మెట్ల మీంచి తెచ్చుకో. నేను చూడను, అడగను. పసిదాన్ని మాత్రం పస్తుంచకురా.”

“పెడితేనే చచ్చిపోతుందమ్మా.”

అమ్మ నమ్మలేనట్టు చూసింది. పెట్టకపోతే చచ్చిపోతారని వినడమే గానీ, పెడితే చచ్చిపోతారన్న మాట ఆవిడ ఎన్నడూ వినలేదు.

ఆ పది రోజులూ మా ఇల్లు పరీక్షల కాలంలో ఇల్లులా ఉంది. పెట్టె మీద తువ్వాలు కప్పాను. నీళ్లు రోజుకి ఒక్కసారే, అదీ మొహం పక్కకి తిప్పుకుని మార్చాను. కొబ్బరిచిప్ప ఎత్తాలని చేతులు దురదపెడితే కొట్టుకి పోయి నాన్న పక్కన కూర్చునేవాణ్ని. నాన్న సగం మెట్లెక్కి, గుర్తొచ్చి, దగ్గి, దిగిపోయేవారు. అమ్మ పాముకి పెట్టలేని తిండంతా నాకు పెట్టింది. పది రోజుల్లో బూందీ మరీ సన్నబడి దారప్పోగులా అయింది, నా ప్యాంట్లు మాత్రం బొత్తాం పట్టడం మానేశాయి.

పదకొండో రోజు పొద్దున్న విశ్వనాథం గారు రైలు దిగారు. చేతిలో పాముని పెట్టుకెళ్లే గుడ్డసంచి ఉంది. అది చూసి అమ్మ మొహం చిన్నబోయింది. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా మేడెక్కి, నేను తెచ్చిన ఎలుకపిల్లల్లో అన్నిటికంటే చిన్నది ఏరి, పెట్టెలో పెట్టి, తువ్వాలు కప్పి, తలుపు మూసేశారు.

“తినకపోతే ఇవాళే నాతో తీసుకెళ్తాను. కొన్ని గంటలు ఎవరూ ఆ గదిలోకి వెళ్లకూడదు.”

“ఎలాగూ ఆగాలి కదండి, టిఫిన్ చేసెయ్యండి” అంది అమ్మ.

“నేను పొద్దున్న ఏమీ తిననమ్మా. ఓ కాఫీ చాలు.”

ఆయన పదకొండు రోజుల కిందట నా అజ్ఞానానికి ఎంత ఆశ్చర్యపోయారో, నేనిప్పుడు ఆయన అజ్ఞానానికి అంత ఆశ్చర్యపోయాను. కాఫీతో పాటు పెసరట్టు వచ్చింది. పెసరట్టులో ఉప్మా ఉంది. ఆ వెనకే ఇంకో పెసరట్టు వచ్చింది. అది అరిగేలోపు మధ్యాహ్నం అరిటాకు పడింది. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు. పది రోజులుగా బూందీకి పెట్టలేక బిగబట్టుకున్న చెయ్యి అది, ఒక్కసారిగా తెరుచుకుంది.

“ఇంక చాలమ్మా.”

“చాలంటే మీకు నచ్చలేదనుకోవాలండి.”

“అయ్యో, నచ్చిందమ్మా.”

“నచ్చితే ఇంకోటి వేసుకోవాలి కదండి.”

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఈ వాదనలోంచి బయటపడే దారి కోసం వెతుకుతూ నాలుగో బూరె తిన్నారు. అటు నుంచి నాన్న నెయ్యి పోశారు. వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పోశారు. నేను కూడా పక్కన చేరి పులిహోర కుప్పగా వడ్డించాను. ఆ హడావిడిలో పడి మూడు గంటలసేపు ఎవరికీ బూందీ గుర్తు రాలేదు. అది మా ఇంటికొచ్చాక ఎవరూ దాన్ని తలుచుకోని మూడు గంటలు అవే.

గుర్తొచ్చాక విశ్వనాథం గారూ నేనూ మేడెక్కాం. నేను ఎక్కాను, ఆయన రెయిలింగు పట్టుకుని వచ్చారు. ఆయన తువ్వాలు ఒక కొస ఎత్తారు. ఎలుకపిల్ల లేదు. కొబ్బరిచిప్ప కింద బూందీ చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది, దాని నడుం దగ్గర చిన్న ఉబ్బు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి నేను చెయ్యి లోపలికి పెట్టలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

“తింది” అన్నారాయన. “మీరు నేర్చుకున్నారు కూడా.”

“మరి తీసుకెళ్తారాండి?”

ఆయన సంచి అందుకోబోయి ఆగారు. “తిన్నాక రెండు రోజులు కదపకూడదు.”

మెట్ల మీంచి అమ్మ గొంతు వినపడింది. “అయితే మరీ మంచిది. ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే ఉండండి. సాయంత్రం గారెలకి పప్పు నానబోశాను.”

విశ్వనాథం గారు మెట్ల వైపు చూశారు. తర్వాత పెట్టె వైపు చూశారు. సంచి మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

“పాము మీ దగ్గరే ఉండనివ్వండి. నాకు నాలుగింటికి రైలుంది.”

“దాని గురించి ఇంక భయం లేదాండి?” అన్నాను.

ఆయన దగ్గరికి జరిగి, అమ్మకి వినపడకుండా అన్నారు, “దానికి పెట్టె ఉంది కాబట్టి బతికిపోయిందండి. నాకు పెట్టె లేదు.”

బూందీ ఇప్పుడు నాలుగడుగులు దాటింది. ఆయన రైలెక్కిన రోజు సాయంత్రమే నేను దాని గది గుమ్మం బయట నిలబడి, కుడిచెయ్యి చాపి, నాన్న సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట మా ఇంటికొచ్చిన ఏ జీవినీ, రెండు కాళ్లదైనా, నాలుగు కాళ్లదైనా, అసలు కాళ్లే లేనిదైనా, “ఇంకొంచెం” అని బలవంతపెట్టను. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు. మీరెప్పుడైనా నిడదవోలు వస్తే నిర్భయంగా మా ఇంటికి రండి, నా వల్ల మీకే ఇబ్బందీ ఉండదు. అమ్మ మాత్రం ఏ ప్రమాణమూ చెయ్యలేదు.