రిఫైనరు కరెంటు తగ్గించిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరేం చెప్పినా నమ్మేదాన్ని. తాడేపల్లిగూడెం దగ్గర ఒక కాగితం మిల్లులో ట్రైనీని. సరుగుడు కర్రని ముక్కలు చేసి, ఆవిరిలో మెత్తబరిచి, గాట్లున్న రెండు ఇనప బిళ్లల మధ్య నలిపితే గుజ్జు వస్తుంది. ఆ నలిపే యంత్రమే రిఫైనరు. కరెంటుని మంచినీళ్లలా తాగేది. "మూడు నెలల్లో దీని వాడకం తగ్గించి చూపించమ్మా, నిన్ను పర్మనెంటు చేస్తాను" అన్నారు మేనేజరుగారు. ఎలక్ట్రీషియను బిళ్లలు దూరం జరపమన్నాడు. ల్యాబులో ఆవిడ దగ్గరకి జరపమంది. ఒకరు ఆవిరి పెంచమంటే ఇంకొకరు తగ్గించమన్నారు. అందరూ నిజమే చెబుతున్నట్టుండేది. అన్నీ నోట్సు రాసుకున్నాను (ఎటునుంచి చదివినా అర్థమయ్యేది కాదు).

గడువు ఇంకో వారం ఉందనగా, ఏదైతే అదైందని బిళ్లల మధ్య సందు కాస్త పెంచాను. మీటరు ముల్లు దిగింది. ఇంకాస్త పెంచాను. ఇంకా దిగింది. ఇంత సులువైన పని ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చేయలేదో బోధపడలేదు (అక్కడే ఆగి ఆలోచించాల్సింది). మేనేజరుగారు మీటరు చూసి, నన్ను చూసి, మళ్లీ మీటరు చూశారు. నేను నల్లజర్లలో టీచరుగా ఉన్న నాన్నకి ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమని చెప్పేశాను. ఆయన వెంటనే కేకు తెప్పించి స్టాఫ్‌రూములో పంచేశారట.

గంట తర్వాత ఫోర్‌మన్‌గారు వచ్చారు. కొల్లేటికోట మనిషి, మాకందరికీ బాబాయిగారు. ఆయన దోసిట్లో గుజ్జు, అందులో పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి.

"అమ్మాయిగారూ, కరెంటు తగ్గిన మాట నిజమేనండి. పని కూడా తగ్గిందండి. కర్రముక్కలు లోపలికెళ్లి, ఊరికే షికారు చేసి వచ్చేస్తున్నాయండి."

"ఇప్పుడేం చేయాలి బాబాయిగారూ?"

"మేనేజరుగారు హెడ్డాఫీసుకి చెప్పేలోపు మనమే ఆయనకి చెప్పేద్దామండి."

వెళ్లి చెప్పాను. ఏడుపొక్కటే తక్కువ. ఆయన అంతా విని, "ఇంకా వారం ఉందిగా. గుజ్జూ బాగుండాలి, కరెంటూ తగ్గాలి" అన్నారు. ఆ వారమంతా బాబాయిగారి పక్కన నిలబడి, ముక్కల్ని ఆవిరిలో ఇంకాసేపు ఉంచి, సందుని వెంట్రుకవాసి జరుపుతూ, ప్రతిసారీ గుజ్జుని వేళ్లతో నలిపి చూశాను. చివరికి తగ్గింది, రవ్వంత. ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు మిల్లుల్లో కరెంటు ఆదా చేయించడమే నా వృత్తి. చాలాచోట్ల చాలానే తగ్గించాను, అన్నీ నిజమైనవే. ఒక్కదానికీ ఆ గంటసేపు పొంగిపోయినంతగా పొంగిపోలేదు. అప్పటి ఆ పిల్లని ఇంకో పది నిమిషాలు అలా ఉండనిచ్చి వస్తే, బాబాయిగారి సొమ్మేం పోయేది?