బట్టీ ఈశ్వరమ్మ ఊరికే పెట్టిన ప్యాలాలు

మా మేనత్త ఈశ్వరమ్మకు వికారాబాద్ స్టేషన్ బజారులో ప్యాలాల బట్టీ ఉండేది. భర్త పోయాక అదే ఆధారం. అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానకు పోయే రోగులు రైలు దిగి ఆ దారినే వచ్చేవాళ్లు. వాళ్లెవరి దగ్గరా అత్త పైసా తీసుకునేది కాదు. దొప్పెడు జొన్న ప్యాలాలు ఊరికే ఇచ్చేది.

బజారులో దాతలకు కొదవలేదు. కిరాణా కిష్టప్ప చలివేంద్రం పెడితే కుండలకన్నా ఆయన పేరున్న బోర్డే పెద్దది. అత్త ఎక్కడా పేరు రాయించుకోలేదు కాబట్టి ఆమెది వెన్నలాంటి మనసని అందరం పొగిడాం. నేనైతే ఇంకాస్త ఎక్కువే పొగిడాను.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది చలికాలంలో నా పొగడ్త విని ఆమె భోరుమంది.

"పుణ్యం లేదు, పాడు లేదు అల్లుడా! ఏడాది సంది దగ్గుతున్న. నాకు గా రోగమే అంటుకున్నదని భయం. గా రోగులకు పెడితే అనంతగిరి సామి నన్ను ఇడిసిపెడ్తడని పెడుతున్న. బజార్ల తెలిస్తే నా ప్యాలాలు ఎవరు కొంటరు?"

నాకు ఒళ్లు మండింది. దవాఖాన పక్కనే ఉంటే దేవుడితో బేరమా! "నడువు అత్తా" అని టాంగా ఎక్కించాను. గుట్ట ఎక్కేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

డాక్టరు ఛాతీ ఫోటో తీయించాడు, ఉమ్మి పరీక్ష చేయించాడు. కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే, క్షయ లేదన్నాడు. పొగ వల్ల వచ్చిన దగ్గట. అప్పుడు బయటపడింది అసలు సంగతి. దగ్గు ఎవరికీ వినపడకూడదని అత్త బట్టీగది కిటికీ మూసేసింది. బట్టీలో మండించే పల్లికాయ పొట్టు పొగంతా లోపలే ఉండిపోయి దగ్గు ఇంకా ముదిరింది.

అత్త అక్కడే కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నా గుండెల మీది బరువు దిగిపోయింది. తిట్టాలనుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

మర్నాడు కిటికీ తెరిచి బట్టీ ముట్టించింది. తాండూరు నుంచి రైల్లో వచ్చిన ఒకామె, దగ్గుతున్న భర్తను పట్టుకుని బజారులో నిలబడింది. భయం తీరిందిగా, ఇక పెట్టదేమో అనుకున్నాను. ఇన్నాళ్లూ అత్త దొప్పను గడప బయట పెట్టి, చప్పున వెనక్కి జరిగేది. ఆ రోజు దొప్ప పట్టుకుని తనే బజారులోకి దిగింది. ఆ తాండూరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"జర కూసో బిడ్డా. భయమెట్లుంటదో నాకు ఎరుకే."