ఎర్రగీత కలిసిన కార్డులు

ప్రతి గురువారం నూజివీడు తొలి బస్సులో, రీసెర్చి చేసే హైమవతి ఒళ్లో ఎప్పుడూ ఒక అట్టపెట్టె ఉంటుంది. చెమట తుడుచుకోవడానికైనా దాని మీంచి చెయ్యి తీయదు. మామిడి పూతలో ఎంత నిలుస్తుందన్న లెక్కంతా అందులోని, కంప్యూటర్ చదివే చిల్లుల కార్డుల్లోనే ఉంది. యూనివర్సిటీలో కంప్యూటర్ అన్ని కాలేజీలకూ ఒక్కటే. ఆమె వంతు వారానికోసారే వస్తుంది. ఆవేళ బాపులపాడు రాకముందే బస్సు కుదిపేసరికి పెట్టె జారి కార్డులన్నీ చెల్లాచెదురయ్యాయి. వరస తప్పితే కంప్యూటర్ తీసుకోదు. హైమవతి కుచ్చిళ్లు ఎగదోపి కింద కూర్చుంది. "కట్ట అంచున ఏటవాలుగా ఎర్రగీత గీశాను, అక్కా. ఆ గీత మళ్లీ కలిస్తే చాలు" అంది, తోటపనికి వెళ్తున్న నాగమణితో. నాగమణి, తోడి కూలీలూ చకచకా పేర్చారు. దిగాల్సిన తోట దాటిపోయినా ఎవరూ లేవలేదు. సాయంత్రం తిరుగు బస్సులో నాగమణి అడిగింది: "మన లెక్క ఏం తేలిందమ్మా?" హైమవతి ఒళ్లోని పెట్టె పక్కన పడేసి, కంప్యూటర్ ఇచ్చిన మడతల కాగితాన్ని సీట్ల మధ్య బస్సు పొడవునా పరిచేసింది.