అట్లాసులో చుక్కంత దూరం

మా దేవదానం మామ పదిహేనేళ్ళుగా విమానాలవాళ్ళను తిడుతున్నాడు. ఆ తిట్లన్నీ న్యాయంగా నాకు రావలసినవి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్ళికూతురి తండ్రిని పెళ్ళికి అందకుండా చేయడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవారు కాస్త దగ్గరగా జరగండి.

అప్పుడు నేను కలకత్తా ఓడరేవులో, ఖిదిర్‌పూర్ డాకులో కొత్త గుమాస్తాను. కాలేజీ చదువు తలలో ఇంకా పాలపొంగులా పొంగుతోంది. మామ అక్కడే క్రేను నడిపేవాడు. ఆయన కూతురు రూతు పెళ్ళి విశాఖపట్నం చర్చిలో, సాయంత్రం. ఇంటిల్లిపాదీ ముందే వెళ్ళారు. ఓడలో సరుకు దిగక మామకు రైలు తప్పిపోయింది. దాంతో పెళ్ళిరోజు పొద్దుటి విమానానికి టికెట్టు కొన్నాడు. కూతుర్ని తన చేత్తో చర్చిలోకి నడిపించాలని ఆయన ఆశ.

"ఒరే, ఇశాపట్నం ఎంతసేపట్లో ఎల్తాదిరా ఇమానం?"

అడగకూడనివాణ్ణి అడిగాడు. అట్లాసు తెరిచాను. దారంతో కొలిచి, విమానం వేగంతో భాగించి, జ్యోతిష్కుడిలా కళ్ళు మూసి తెరిచాను.

"రెండు గంటలు, ఆపైన చిటికెడు. చేపల పులుసు తిని నింపాదిగా బయల్దేరు మావా."

"మరి దమ్‌దమ్ ఇమానాల టేసను దాకా?"

"ఇదిగో చూడు. కలకత్తా అంతా కలిపి ఒక్క చుక్క! మనిల్లూ, దమ్‌దమ్మూ రెండూ దాని కిందే ఉన్నాయి. దారం పెట్టడానికి చోటేది?"

"సదూకున్నోడివి, నువ్వు సెప్తే సరే."

పులుసు తిని టాక్సీ ఎక్కాం. వీధి చివర వంతెన ఓడకు దారిస్తూ పైకి లేచి నిలబడింది. ముందురోజు మామ సరుకు దింపిన ఓడే! అత్తారింటికి వెళ్ళే పిల్లలా కదల్లేక కదిలింది. అది దాటాక ఎర్రజెండాల ఊరేగింపు.

"జల్దీ, దాదా!" అన్నాను.

టాక్సీవాడు బీడీ ముట్టించాడు. "ఉడే జాబో నాకి, దాదా?" ఎగిరిపోమంటావా అని.

మేం దమ్‌దమ్‌లో దిగేసరికి విమానం మా నెత్తిమీదే ఉంది. రైల్వే కాలనీలో పెరిగిన మామ తువ్వాలు ఊపుతూ పరిగెత్తాడు. "గార్డుబాబూ! ఆపండి బాబూ!" విమానం ఆగలేదు.

"ఏటయిందిరా?"

"టయం కంటే ముందే లేపేశారు మావా, దొంగలు!" నోరు జారలేదండీ, కావాలనే పరిగెత్తింది.

రూతు చిన్నాన్న చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిచింది. మామ రైల్లో చేరేసరికి పందిట్లో కుర్చీలు కూడా అద్దెకొట్టుకు తిరిగి వెళ్ళిపోయాయి. పెళ్ళి ఫొటోల్లో ఆయన ఎక్కడా లేడు.

మొన్న మద్రాసులో కాపురముంటున్న రూతు, తన దగ్గరికి రమ్మని తండ్రికి విమానం టికెట్టు పంపింది. నడుం పట్టేసిన మనిషి, అంత దూరం రైల్లో కూర్చోలేడు. ఆయనేమో, "దొంగల బండి నానెక్కను. కూతుర్ని సూడకపోతే పోనీ" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. "మావా, ఆ రోజు అది టయానికే ఎగిరింది. తప్పు లెక్క నాది. క్షమించు."

మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇన్నేళ్ళు ఉత్తి పున్నేనికి ఆళ్ళని తిట్టించావేట్రా? చెమించమని నన్ను కాదు, ఆళ్ళనడుగు. అప్పుడెక్కుతాను."

సముద్రం మీద ఒట్టు! దారి ఎంతసేపని ఇక ఎవరడిగినా, పక్కవీధికైనా సరే, నాకు తెలీదు.

దమ్‌దమ్‌లో కౌంటరు వెనక ఒక బెంగాలీ పిల్ల ఉంది. పదిహేనేళ్ళ కింద గౌను వేసుకుని తిరిగి ఉంటుంది. మామ నన్ను వెనకనుంచి పొడిచాడు. చేతులు జోడించి, వచ్చిన బెంగాలీలో అన్నాను:

"అమ్మా, ఆ విమానం టయానికే ఎగిరింది. మిమ్మల్ని దొంగలన్నది నేను. క్షమించండి."

"కోన్ బిమాన్, దాదా?" అందా పిల్ల కంగారుగా, ఏ విమానం అని.

మామ అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.