నాయన పుక్కిలించి ఇచ్చిన డబ్బీ

తిరుపతిలో నేను పనిచేసేది క్షయ పరీక్షలు చేసే ల్యాబులో. రోగులు దగ్గి ఇచ్చిన కళ్లె చిన్న డబ్బీల్లో మా దగ్గరికి వస్తుంది. మూత సరిగా బిగించని డబ్బీని నేను గుమ్మం దాటనివ్వను. మాస్కు ముక్కు కిందికి దిగితే ఎవరినైనా సరే కసురుతాను. "అక్క డ్యూటీలో ఉంటే క్రిములు కూడా వరసలో నిలబడతాయి" అని మావాళ్లు వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నియమం తప్పితే పరీక్ష చేసేవాళ్లే మంచాన పడతారు.

నాయన పలమనేరు దగ్గర మా ఊళ్లో ఆవుల్ని మేపుకుంటూ, కేంద్రానికి పాలు పోస్తూ ఉండేవాడు. దగ్గు వదలడం లేదని అమ్మ ఫోన్ చేస్తే, బతిమాలి, బెదిరించి తిరుపతికి రప్పించాను. డబ్బీ చేతికిచ్చి, అందరికీ చెప్పే పాఠమే చెప్పాను: ఊపిరి లోతుగా పీల్చి, రొమ్ములోంచి దగ్గి, చిక్కటి కళ్లె తీయాలి, నోట్లో ఊరే ఉమ్మి పనికిరాదు. సొంతవాళ్ల డబ్బీని మేం తెరవకూడదు, ఆ మాటా చెప్పాను. అందుకని నాతో పనిచేసే అమ్మాయి తీసుకుంది. కాసేపటికి బయటికొచ్చి, "నీళ్లలాగుందక్కా, ఉత్త ఉమ్మి" అంది.

నాకు కోపం వచ్చింది. "చిన్నపిల్లోడివా నాయనా? కళ్లె ఇయ్యమంటే ఉమ్మి ఇస్తావా?"

"నాకు వచ్చిందే అది మే," అన్నాడు తల వంచుకుని.

మర్నాడు ఇచ్చిన డబ్బీ కాస్త మేలనిపించి పరీక్షకు పెట్టారు. క్రిమి లేదని వచ్చింది. ఎక్స్‌రే తీయిద్దాం, ఉండమన్నాను. అంతలో అమ్మ ఫోన్ చేసింది.

"లేదని మీరే సెప్తిరి, మళ్లా ఇంకోటి ఎందుకు? ఆవు ఈనేట్టుండాదంట. మీయమ్మ ఒక్కతే ఏం సేస్తాది?" అని నాయన బస్సెక్కేశాడు.

వానలు మొదలయ్యాక రక్తం కక్కాడు. తిరుపతి ఆసుపత్రికి తెచ్చేసరికి ఎముకల గూడు మిగిలింది. ఈసారి నర్సు గొట్టం వేసి కళ్లె లాగింది. నిండా క్రిములే. మాత్రలు మొదలుపెట్టారు. మాస్కు వేసుకుని మంచం పక్కన కూర్చుని, అప్పుడు కళ్లె ఎందుకు రాలేదు నాయనా అని అడిగాను.

"రాకేం మే, వచ్చింది. దాన్ని గోడవతల ఊసేసి, బాగా పుక్కిలించి, మంచి ఉమ్మి ఇచ్చినా. ఆడబిడ్డ సేతికి కళ్లె ఎట్లిచ్చేది? పాపం గాదా?"

"నేను ముట్టుకోనని సెప్తిని గదా నాయనా! తెరిచేది ఇంకో పాప."

"ఆ పాప మాత్రం? ఎవురో ఒకరి ఆడబిడ్డే గదా," అన్నాడు.

మాస్కు లోపలే ఏడ్చాను.

నాయన ఆ వారం దాటలేదు. అమ్మకు పరీక్షలన్నీ చేయించాం, జబ్బు అంటలేదు. కానీ పలకరించడానికి వచ్చినవాళ్లందరితో ఆమె ఒకటే మాట చెప్పుకుని ఏడ్చేది. "ఆవు ఈనతాదని నేనే పిలిస్తిని. నేనే సంపుకుంటి."

రోగి కళ్లెలో కొంత తీసి సీసాలో క్రిమిని పెంచుతాం, ఏ మందుకు చస్తుందో చూడటానికి. దానికి వారాలు పడుతుంది. మనిషి పోయినా ఆ పరీక్ష ఆగదు. ఈ సంగతి అమ్మకూ చెప్పి ఉంచాను. దినాలన్నీ ముగించుకుని నేను డ్యూటీలో చేరిన చాన్నాళ్లకు, నాయన డబ్బీ తెరిచిన ఆ అమ్మాయే ఆయన ఫలితం తెచ్చి నా ముందు పెట్టింది. అన్ని మందులకూ లొంగే రకం. ఊళ్లో ఊరికే ఇచ్చే మామూలు మాత్రలు ముందే మింగి ఉంటే బతికేవాడు.

ఫలితం రోగి ఫోనుకు చెప్పాలి. ఆ ఫోను ఇప్పుడు అమ్మ దగ్గరుంది. తను చేస్తానని ఆ అమ్మాయి అంది గానీ, వద్దని నేనే చేశాను.

"ఏమంట మే?" అంది అమ్మ. "మందులకు లొంగని జబ్బేనంటనా?"

ఔననిపించుకోవాలని ఎంత ఆశపడుతోందో ఆ గొంతులోనే తెలిసిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క ఫలితాన్ని కూడా నేను మార్చి చెప్పలేదు.

"ఔనమ్మా. ఏ మందుకూ లొంగేది కాదంట."



"అట్లయితే నేను పిలిచినందుకు కాదులే మే," అంది అమ్మ.

"కాదమ్మా," అన్నాను.